రాలిన ఆకుల కింద కాళ్లెందుకు?

నల్లమలలోనో విశాఖ మన్యంలోనో ఎండాకాలం మొదట్లో తిరిగినవాళ్లకి అడుగడుక్కీ కరకరలాడే ఎండుటాకులు తెలిసే ఉంటాయి. పులి కోసమో పిట్ట కోసమో చూస్తూ వాటిని తొక్కుకుంటూ వెళ్లిపోతాం కానీ, నన్నడిగితే అడవిలో అసలు సందడంతా ఆ ఆకుల కిందే.

పళ్లెమంత టేకాకు రాలి, తొలకరికి తడిసి, బూజు పడుతుంది. ఆ బూజును మేయడానికి నలుసంత జీవులు, స్ప్రింగ్‌టెయిల్స్ వస్తాయి. ఆరు కాళ్లున్నా ఇప్పుడు వీటిని కీటకాల్లో లెక్కవేయడం లేదు. పొట్ట కింద మడిచి ఉంచుకున్న చిన్న కొక్కేన్ని టప్పున వదిలి ఎగిరిపోతాయి. మన పొడి అడవుల్లో పెద్ద పనివాళ్లు మాత్రం చెదపురుగులే. పుట్టలు పెట్టే చెదల్లో చాలావాటికి ఆకును సొంతంగా అరిగించుకోవడం కష్టం, అందుకని నమిలిన ఆకు మీద పుట్టలోపలే ఒక శిలీంధ్రాన్ని పెంచుకుంటాయి. వానలకి పుట్టల మీద లేచే, మనం కూర వండుకునే పుట్టగొడుగులు దానివే.

ఇంత తిండి ఉంటే తినేవాళ్లు రాకుండా ఉంటారా? చిక్కేమిటంటే ఆకులకీ మట్టికీ మధ్య సందు చాలా ఇరుకు, అక్కడ పక్కకి చాచిన కాళ్లు ప్రతిదానికీ తగులుకుంటాయి. నలికిరిని చూడండి: నున్నటి పొలుసులు, పొడుగాటి ఒళ్లు, పొట్టి కాళ్లు, తొందరపడితే ఆ కాళ్లని ఒంటికి ఆనించేసి పాములా జారిపోతుంది. (విషమని కొట్టి చంపేస్తుంటారు పాపం, దానికి విషమే లేదు.) బల్లులూ పాముల వంశంలో ఇలా కాళ్లు కుదించుకుపోవడమో పూర్తిగా పోవడమో ఒక్కసారి కాదు, వేరువేరు శాఖల్లో పాతికసార్లకి పైగా జరిగింది.

అందులో రెండు మనకి దగ్గరివే. విశాఖ ప్రాంతపు కొండల నుంచి 1870లో బెడ్డోమ్ అనే బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త వర్ణించిన నలికిరి జాతి సెప్సోఫిస్‌కి కాళ్లు పేరుకి మాత్రం మిగిలాయి, ఆ తర్వాత వందేళ్లకి పైగా అది ఎవరి కంటా పడలేదు. చిలికా సరస్సులోని బర్కుడా దీవిలో దొరికిన మరో నలికిరి జాతి బర్కుడియాకి అవి కూడా లేవు. 1917లో దాన్ని వర్ణించింది జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా తొలి డైరెక్టర్ అన్నండేల్.

ఇక గుడ్డిపాము. వానపాము అనుకుని వదిలేస్తాం గానీ దగ్గరగా చూస్తే పొలుసులు మెరుస్తాయి, కళ్లు పొలుసు కింద రెండు నల్ల చుక్కలు, వెలుగో చీకటో తెలిస్తే చాలు వాటికి. చీమల, చెదల గుడ్లూ పిల్లలే దీని భోజనం. 1803లో దీనికి శాస్త్రీయ నామం పెట్టింది కూడా పాముల మీద పరిశోధన చేసిన వైద్యుడు ప్యాట్రిక్ రస్సెల్ అచ్చువేసిన విశాఖపట్నం పాము బొమ్మను చూసే. అన్నిటికన్నా విచిత్రం, ఇందులో మగవి లేవు, అన్నీ ఆడవే. జోడు లేకుండానే గుడ్లు పెడతాయి. కాబట్టి పూలకుండీ మట్టిలో ఒక్కటి ఓడెక్కినా చాలు, అవతలి దేశంలో సంతతి మొదలైపోతుంది. అలాగే ప్రపంచమంతా పాకింది.

ఆకుల్లో అన్నీ ఇంత సాధువులని మాత్రం అనుకోకండి. రక్తపింజరి కిందికి దూరదు, పైనే చుట్టచుట్టుకుని కదలకుండా కూర్చుంటుంది, దాని ఒంటి మీది మచ్చలు ఎండుటాకుల్లో అస్సలు కనపడవు. ఆకులు కదపాలంటే పొడుగాటి కర్రతోనే కదపండి, చేత్తో వద్దు.