ధమని అంటే మంచి రక్తమేనా మావయ్యా?

జీవశాస్త్రం పరీక్ష ఇంకా రెండు రోజులుందనగా మా అక్క కూతురు పుస్తకాల సంచితో మా ఇంట్లో దిగింది. పదో తరగతి. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉండే పుస్తకం, దాన్నిండా పసుపు స్కెచ్ గీతలు. "అన్నీ చదివేశాను మావయ్యా. బిట్లు కూడా వచ్చేస్తాయి. ప్రశ్న కొంచెం తిప్పి అడిగితేనే తెల్లమొహం వేస్తున్నా" అంది.

ప్రీఫైనల్ పేపరు తీసి చూపించింది. ఆక్సిజన్ తక్కువగా ఉన్న రక్తాన్ని మోసే ధమని ఏది అన్న ప్రశ్నకు "ఏదీ లేదు. ధమనుల్లో మంచి రక్తం, సిరల్లో చెడు రక్తం ఉంటాయి" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. సున్నా వేశారు. ఆ వయసులో నేనైనా అదే రాసేవాణ్ణి.

రెండు రోజులు ఆ పిల్ల డౌట్లు విన్నాక నాకొకటి తెలిసొచ్చింది. వాటిలో చాలావాటికి చిక్కు విషయంలో లేదు, మాటలో ఉంది. ఇంట్లో ఒక అర్థంతో వాడే మాటే పుస్తకంలో ఇంకో అర్థంతో ఎదురవుతుంది. పిల్లలేమో పాత అర్థం వదలకుండానే కొత్త పాఠం బట్టీ పడతారు.

రక్తం సంగతే చూడండి. "నీ చేతి మీద నీలంగా కనిపిస్తున్నాయే, అవేంటి?" అని అడిగాను. "నరాలు" అంది ఠక్కున. సెలైన్ పెట్టేటప్పుడు కూడా "నరం దొరకట్లేదు" అనే అంటాం. నిజానికి అవి సిరలు. మెదడుకీ ఒంటికీ మధ్య కబుర్లు మోసేది నరం. పుస్తకంలో దాని పేరు నాడి. మరి ఇంట్లో నాడి అంటే? మణికట్టు మీద వేళ్లు పెట్టి చూసేది. అక్కడ వేళ్ల కింద కొట్టుకునేది ధమని! సిరను నరమంటాం, ధమని కొట్టుకోవడాన్ని నాడి అంటాం. నరాల బలహీనత అన్నప్పుడు మాత్రం ఉన్నట్టుండి ఆ మాట అసలు అర్థానికి తిరిగొస్తుంది. రక్తప్రసరణ, నాడీ వ్యవస్థ ఒకే ఏడాది చదివే పిల్లలు ఈ గందరగోళంలోంచి అంతమాత్రం మార్కులు తెచ్చుకోవడమే గొప్ప.

ధమనిని గుర్తుపట్టాల్సింది అందులో ఉన్న సరుకును బట్టి కాదు, అది పోయే దిక్కును బట్టి. గుండె నుంచి బయటికి తీసుకెళ్లేది ధమని, గుండెకు తిరిగి తెచ్చేది సిర. అంతే. గుండెలో కుడివైపు కింది గది, అంటే కుడి జఠరిక నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే రక్తంలో ఆక్సిజన్ తక్కువే. అయినా గుండె నుంచి బయల్దేరింది కాబట్టి అది పుపుస ధమని (పుపుస అంటే ఊపిరితిత్తులదని). ఊపిరితిత్తుల నుంచి ఆక్సిజన్ నింపుకుని గుండెకు వచ్చేది పుపుస సిర. ఇక "చెడు రక్తం" అనే మాటను క్లాసులోంచి ఎంత తొందరగా పంపేస్తే అంత మంచిది. మనం ఊరికే కూర్చున్నప్పుడు గుండెకు తిరిగొచ్చే రక్తంలో కూడా ఆక్సిజన్‌ను మోసే హీమోగ్లోబిన్ దగ్గర నాలుగింట మూడు వంతుల ఆక్సిజన్ అలాగే ఉంటుంది. నీలం రంగు బొమ్మలోనే. అసలు రక్తం ముదురు ఎరుపు, చర్మం వెనకనుంచి నీలంగా కనిపిస్తుందంతే.

దిక్కు సంగతి మాటలతో చెబితే ఎక్కలేదు. చేతిమీద చూపించాను. విలియం హార్వే అనే ఇంగ్లండ్ వైద్యుడు 1628లో అచ్చువేసిన చిన్న పుస్తకంలో ఉన్న పద్ధతే. నా ముంజేతి మీద సిరలు బాగా తేలి ఉంటాయి. చేతిని కిందికి వేలాడేసి ఉంచి, ఒక సిర మీద మణికట్టు వైపు ఒక వేలితో నొక్కిపెట్టమన్నాను. ఇంకో వేలితో అక్కడినుంచి మోచేతి వైపు సిర వెంట ఒత్తుకుంటూ వెళ్లమన్నాను. ఆ మేర రక్తం పైకి వెళ్లిపోయి సిర చదునైంది. పై వేలు తీసేసింది. రక్తం కిందికి తిరిగి రాలేదు, ఎందుకంటే మధ్యలో ఒకవైపే తెరుచుకునే తలుపులాంటి కవాటం అడ్డం. కింది వేలు తీయగానే మణికట్టు వైపు నుంచి చటుక్కున నిండింది. "ఇటే వెళ్తోంది మావయ్యా, గుండె వైపే!" అని మళ్లీ మళ్లీ చేసింది. నా చేయి ఎర్రగా కందిపోయింది.

రక్తపరీక్షకు వెళ్తే మోచేతి పైన రబ్బరు పట్టీ ఎందుకు కడతారో అప్పుడు తనంతట తానే చెప్పింది. పైన ఉండే సిరలు నొక్కుకుపోయి తిరిగెళ్లే దారి మూతపడుతుంది. లోతుగా ఉన్న ధమనుల్లోంచి రక్తం వస్తూనే ఉంటుంది. అందుకే పట్టీ కింద ఉబ్బుతాయి. ధమని నుంచి సిరకు రక్తం ఎలా దాటుతుందో మాత్రం హార్వే చూడలేకపోయాడు. ఆయన పోయిన నాలుగేళ్లకు, 1661లో, మాల్పీజీ అనే ఇటలీ శాస్త్రవేత్త కప్ప ఊపిరితిత్తుల్లో ఆ రెంటినీ కలిపే సన్నటి గొట్టాలను, అంటే కేశనాళికలను సూక్ష్మదర్శినితో చూశాడు.

రెండో చిక్కు శ్వాస. ముక్కుతో పీల్చి వదలడమే శ్వాసక్రియ అనుకుంటే సగం పాఠం పోయినట్టే. పీల్చి వదలడం గాలి రాకపోకలు మాత్రమే. శ్వాసక్రియ జరిగేది కణాల్లో. అక్కడ గ్లూకోజ్ విడిపోయి శక్తి బయటికొస్తుంది. ఆక్సిజన్ ఉంటే ఆ పనిలో చాలా భాగం కణం లోపలి మైటోకాండ్రియా అనే చిన్న భాగాల్లో నడుస్తుంది.

ఈ రెంటికీ తేడా చూపించడానికి వంటింట్లో దోశపిండి దొరికింది. సాయంత్రం మా అమ్మ రుబ్బి పెట్టిన పిండి మార్చి ఎండకు రాత్రి పదింటికే గిన్నె అంచుదాకా పొంగింది. అందులో ఉన్నవి బ్యాక్టీరియా. వాటికి ముక్కు లేదు, ఊపిరితిత్తులు లేవు. ఆక్సిజన్ అక్కర్లేకుండానే చక్కెరల్ని విరిచి శక్తి తీసుకుంటున్నాయి. అలా వచ్చిన ఆమ్లం వల్లే పులుపు. కార్బన్ డయాక్సైడ్ బుడగలే ఆ పొంగు. పుస్తకంలో అవాయు శ్వాసక్రియ, కిణ్వనం అని రాసి ఉన్నది ఈ గిన్నెలో ఉందని చెబితే పిల్ల గరిటెతో కలిపి ఆ బుడగలు కాసేపు చూసింది.

మనం ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతామనే వాక్యం కూడా అలవాటు మీద రాసేదే. పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం. వదిలే గాలిలో ఇంకా 16 శాతం దాకా ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ 0.04 నుంచి 4 శాతానికి పెరుగుతుంది, అంతే. ఊపిరి ఆగినవాళ్లకు నోటితో గాలి ఊదితే పనిచేసేది ఆ 16 శాతం వల్లే.

మొక్కల దగ్గరికొస్తే పిల్లలు షిఫ్టులు వేసేస్తారు. పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ అని. మొక్క కూడా మనలాగే ఇరవై నాలుగు గంటలూ శ్వాసిస్తుంది. పగలు ఆ పక్కనే కిరణజన్య సంయోగక్రియ ఎక్కువ జోరుగా సాగుతుంది కాబట్టి ఆక్సిజన్ మిగిలి బయటికొస్తుంది. రాత్రి చెట్టు వదిలే కార్బన్ డయాక్సైడ్‌కి భయపడేవాళ్లు గదిలో పక్కన పడుకున్న మనిషికి ముందు భయపడాలి!

ఆ ఆక్సిజన్ నీటిలోంచి వచ్చేదని గుర్తుంటే కిరణజన్య సంయోగక్రియ సమీకరణం బట్టీ పట్టక్కర్లేదు. చివర ఆరు ఆక్సిజన్ అణువులు, అంటే పన్నెండు పరమాణువులు. ఒక్కో నీటి అణువులో ఒక్కటే ఉంటుంది. అందుకే పన్నెండు నీళ్లు.

విసర్జన అనే మాట దగ్గర పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. బహిరంగ మలవిసర్జన రహిత గ్రామం అని ఊరి మొదట్లో బోర్డు చూసిన ఏ పిల్లకైనా ఆ మాటకు ఒకటే అర్థం. జీవశాస్త్రం అర్థం వేరు. కణాల్లో పని జరిగినప్పుడు పుట్టే వ్యర్థాలను బయటికి పంపడం విసర్జన. మలంలో పోయే అరగని పీచు మన కణాల్లోకి ఎప్పుడూ వెళ్లలేదు. నోటి నుంచి మొదలయ్యే గొట్టంలో ప్రయాణం చేసి అటునుంచి అటే వెళ్లిపోయింది. యూరియా అలా కాదు. అది కాలేయంలో తయారవుతుంది. మూత్రపిండాల్లో అని రాసి మార్కు పోగొట్టుకునేది ఇక్కడే. మూత్రపిండాల పని వడకట్టడం. ఒక్కోదానిలో నెఫ్రాన్లనే సన్నటి వడపోత గొట్టాలు సుమారు 10 లక్షలు, రోజుకు 180 లీటర్ల దాకా వడపోత, అందులో ఒకటిన్నర లీటరు తప్ప మిగతాదంతా వెనక్కి. ఒక చిన్న మెలిక: మలానికి ఉండే రంగు మాత్రం అసలైన విసర్జక పదార్థమే. 120 రోజులు పనిచేసి విరిగిపోయిన ఎర్రరక్తకణాల హీమోగ్లోబిన్ నుంచి వచ్చిన రంగది. ఇది పరీక్షలో రాయొద్దని చెప్పాను. దిద్దేవారికి ఓపిక ఉండకపోవచ్చు.

అనువంశికత దగ్గర మాత్రం మన పదాలు ఇంగ్లిష్‌కన్నా బాగున్నాయి. డామినెంట్ అంటే బలమైనది, రిసెసివ్ అంటే బలహీనం అనుకుంటారు పిల్లలు. బహిర్గతం, అంతర్గతం అంటే ఆ పోట్లాటే లేదు. ఒకటి బయటపడింది, ఒకటి లోపల ఉండిపోయింది. అనువంశికత సూత్రాలు కనిపెట్టిన మెండెల్ పెంచిన బఠాణీల్లో ముడతల గింజనే తీసుకోండి. పిండిపదార్థాన్ని కొమ్మలుగా అల్లే ఎంజైమ్ తాలూకు జన్యువు అందులో చెడిపోయి ఉంది. చక్కెర పోగుపడి, నీళ్లు లాక్కుని గింజ ఉబ్బుతుంది. ఎండాక ముడుచుకుపోతుంది. ఆ జన్యువుకుండే రెండు ప్రతుల్లో ఒక్కటి మంచిదైనా సరిపడా ఎంజైమ్ వస్తుంది కాబట్టి గింజ గుండ్రంగానే ఉంటుంది. చెడిన ప్రతి ఓడిపోలేదు, కనిపించలేదంతే.

ఇక 3:1, అంటే బహిర్గతం మూడైతే అంతర్గతం ఒకటి అనే నిష్పత్తి. నలుగురు పిల్లలుంటే ముగ్గురు ఇలా, ఒకరు అలా ఉండి తీరాలని చాలామంది లెక్క. మెండెల్ 1866లో అచ్చువేసిన అంకెల్లో గుండ్రటివి 5474, ముడతలవి 1850. నిష్పత్తి 2.96. పొడవు మొక్కలు 787, పొట్టివి 277. అది 2.84. వందలు, వేలు లెక్కపెడితేనే మూడుకు దగ్గరైంది. నాలుగే తీసుకుంటే సరిగ్గా మూడు, ఒకటి పడే అవకాశం 64లో 27 మాత్రమే.

లింగనిర్ధారణ కూడా ఇదే లెక్క. తల్లి నుంచి వచ్చేది ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే. తండ్రి నుంచి ఎక్స్ వస్తే అమ్మాయి, వై వస్తే అబ్బాయి. ప్రతిసారీ సగం సగం. ఇది చెబుతుంటే చిక్కుళ్లు ఒలుస్తున్న మా అమ్మ తలెత్తింది. ఆవిడకు వరసగా ముగ్గురు ఆడపిల్లలు, ఆ తరవాత నేను. "మూడుసార్లూ నన్నే అన్నారు. నాలుగోసారి ఈసారి మగపిల్లాడు రావాలి, లెక్క ప్రకారం వాడి వంతే అన్నారు" అంది.

"వంతులేం ఉండవు అమ్మమ్మా. నాణేనికి ముందు ఏం పడిందో గుర్తుండదు కదా" అంది పిల్ల, పుస్తకం మూసేస్తూ. తరవాత నావైపు తిరిగి, "అయితే మావయ్యా, నువ్వు బొమ్మ పడితే పుట్టావా, బొరుసు పడితేనా?" అంది.