ఆ రాగి ఎక్కడిది? ఇంజిన్ ఆయిల్ నివేదికలో ఊహించని అంకెలు

కొత్త వాహనానికి మొదటిసారి ఆయిల్ మార్చినప్పుడు తీసిన నమూనాను ప్రయోగశాలకు పంపితే, వచ్చిన నివేదికలో రాగి 200 పీపీఎం అని ఉందనుకుందాం. అంటే కిలో ఆయిల్‌లో 200 మిల్లీగ్రాముల రాగి. బేరింగులు అరిగిపోతున్నాయేమోనని ఎవరికైనా గుండె గుభేల్మంటుంది. అయితే అదే కాగితంలో సీసం 2, తగరం 1 అని ఉంటే ఆ భయానికి ఆధారం చాలావరకు పోతుంది. రాగి మిశ్రమం వాడే బేరింగుల్లో సాధారణంగా ఉక్కు మీద రాగి మిశ్రమపు పొర, దాని మీద సీసం, తగరం వంటి మెత్తని లోహాల పూత ఉంటాయి. అరుగుదల రాగి దాకా చేరాలంటే ముందుగా ఆ పై పూత అరగాలి, దాని జాడ ఆయిల్‌లో కనబడాలి.

తోడు లేకుండా ఒంటరిగా పెరిగిన రాగి చాలాసార్లు ఆయిల్‌ను చల్లబరిచే ఆయిల్ కూలర్ నుంచి వస్తుంది. అరుగుదలను తగ్గించడానికి ఆయిల్‌లో కలిపే జింక్, ఫాస్ఫరస్ సమ్మేళనం కొత్త కూలర్‌లోని రాగితో చర్య జరిపి కొంత రాగిని ఆయిల్‌లోకి లాగుతుంది. లోహం మీద రక్షణ పొర ఏర్పడ్డాక ఆ చర్య నెమ్మదిస్తుంది, తర్వాతి మార్పిడుల్లో అంకె దానంతటదే దిగివస్తుంది. ఆయిల్ బ్రాండు మార్చినప్పుడు కూడా ఇలాంటి పెరుగుదల మళ్లీ కనిపించవచ్చు.

ఇలాంటి నివేదికలను చదవడంలో అసలు కిటుకు ఇక్కడే ఉందని నేను నమ్ముతాను. పరీక్ష చేసే యంత్రం ఒక మూలకం ఎంత ఉందో చెబుతుంది, అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పదు. ఆ సంగతి పక్కనున్న అంకెలను అడిగి తెలుసుకోవాలి. సిలికాన్‌నే తీసుకోండి. ఎయిర్ ఫిల్టర్ సందుల్లోంచి దుమ్ము చొరబడితే సిలికాన్‌తో పాటు అల్యూమినియం పెరుగుతుంది, ఎందుకంటే మట్టిలో రెండూ ఉంటాయి. ఆ దుమ్ము సిలిండర్ గోడలను, పిస్టన్ రింగులను గీరుతుంది గనుక ఇనుము, క్రోమియం కూడా వెంట వస్తాయి. అదే సిలికాన్ ఒక్కటే పెరిగి, ఇంజిన్ కొత్తదో ఈమధ్యే విప్పి బిగించినదో అయితే, గాస్కెట్ల దగ్గర పూసిన సీలెంట్‌ను అనుమానించాలి. నురుగు రాకుండా ఆయిల్‌లో ముందే కలిపిన సిలికాన్ కూడా కొద్దిగా ఉంటుంది. అందుకే వాడిన ఆయిల్‌తో పాటు, అదే డబ్బాలోని వాడని ఆయిల్‌ను కూడా పరీక్షకు పంపడం ఎంతో మేలు. మాలిబ్డినం, బోరాన్, సోడియం వంటివి కొన్ని ఆయిళ్లలో తయారీదారే కలిపిన పదార్థాల్లో భాగం. ఆ సంగతి తెలియకపోతే డబ్బాలోంచి వచ్చినదాన్ని ఇంజిన్‌కు అంటగడతాం.

సోడియం, పొటాషియం కలిసి పెరిగితే మాత్రం కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) లీకేజీని తేలిగ్గా తీసిపారేయకూడదు. నివేదికలో నీరు లేదని రాసి ఉన్నా నిశ్చింతగా ఉండలేం. వేడెక్కిన ఆయిల్‌లోంచి నీరు ఆవిరై పోతుంది, కూలెంట్‌లోని లవణాలు మిగిలిపోతాయి.

స్నిగ్ధత, అంటే చిక్కదనం, ఊహించినదానికంటే తగ్గడం తరచుగా కలవరపెట్టే మరో ఫలితం. 30 గ్రేడు ఆయిల్ చిక్కదనం 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్‌ల లోపు ఉండాలి. అది 8.8కి పడిపోయిందంటే రెండు ప్రధాన కారణాలను చూడాలి: సరిగా మండని ఇంధనం ఆయిల్‌లో కలుస్తుండవచ్చు, లేదా చిక్కదనాన్ని నిలబెట్టే పొడవాటి పాలిమర్ అణువులు ఇంజిన్ రాపిడికి తెగిపోయి ఉండవచ్చు. ఇంధనం కలిస్తే ఆయిల్ ఫ్లాష్ పాయింట్, అంటే దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే ఉష్ణోగ్రత, కూడా స్పష్టంగా పడిపోతుంది. పాలిమర్లు తెగితే అది దాదాపు మారదు. సందేహం మిగిలితే, మిశ్రమంలోని పదార్థాలను విడదీసి చూపే గ్యాస్ క్రొమటోగ్రఫీతో ఇంధనాన్ని నేరుగా కొలిపించాలి.

కొన్నిసార్లు తేడా కొలిచే పద్ధతిలోనే ఉంటుంది. ఆమ్లాలను తట్టుకునే శక్తిని సూచించే బేస్ నంబర్‌ను ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ నిర్దేశించిన డీ2896, డీ4739 అనే రెండు పద్ధతుల్లో కొలుస్తారు. మొదటిది వాడే పెర్క్లోరిక్ ఆమ్లం బలహీన క్షారాలను కూడా లెక్కలోకి తెస్తుంది గనుక సాధారణంగా ఎక్కువ విలువ ఇస్తుంది. ఒక పద్ధతిలోని అంకెను ఇంకో పద్ధతి అంకెతో పోలిస్తే లేని నష్టం కనబడుతుంది.

నమూనా తీసిన తీరుకూ ఇంతే ప్రాధాన్యం ఉంది. చల్లారిన ఇంజిన్ డ్రెయిన్ బోల్టు విప్పగానే వచ్చే మొదటి ధారలో అడుగున పేరుకున్న మడ్డి ఉంటుంది. వేడిగా ఉన్నప్పుడు, కొంత పోనిచ్చి, మధ్య ధారను శుభ్రమైన సీసాలో పట్టాలి. ఆయిల్ ఎన్ని కిలోమీటర్లు నడిచిందో, మధ్యలో ఎంత పోశారో రాయాలి. 15,000 కిలోమీటర్లకు 60 పీపీఎం ఇనుము అంటే వెయ్యి కిలోమీటర్లకు 4 పీపీఎం. అదే 5,000 కిలోమీటర్లకు 40 అంటే వెయ్యికి 8. చిన్నగా కనిపించే రెండో అంకెలోనే అరుగుదల రెట్టింపు వేగంతో ఉంది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది, అన్నీ బాగున్నాయని చెప్పే నివేదిక ఇంజిన్ తీరుతో పొసగకపోవడం. ఆయిల్‌ను సన్నని తుంపరగా చేసి, కొన్ని వేల డిగ్రీల ఆర్గాన్ ప్లాస్మాలోకి పంపి, మూలకాలు వెదజల్లే కాంతిని కొలిచే పద్ధతి సుమారు 5 నుంచి 8 మైక్రాన్ల కంటే పెద్ద రేణువులను సరిగా పట్టుకోలేదు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. లోహం పెచ్చులుగా ఊడుతున్నప్పుడు పెద్ద ముక్కలు ఫిల్టర్‌లో చిక్కుకుంటాయి, నమూనాలో ఇనుము మామూలుగానే ఉంటుంది. శబ్దం మారినా, ఆయిల్ ప్రెషర్ తగ్గినా నివేదికను పక్కన పెట్టి పాత ఫిల్టర్‌ను కోసి, మడతల కాగితాన్ని వెలుతురులో విప్పి చూడాలి. మెరిసే రేకులు కనిపిస్తే వాటి మీద అయస్కాంతం ఆడించాలి. అంటుకున్నవి ఉక్కు లేదా ఇనుము ముక్కలు. అంటుకోనివి బేరింగు నుంచో పిస్టన్ నుంచో వచ్చినవి కావచ్చు. ఏవి కనిపించినా ఆ ఇంజిన్‌ను విప్పి చూసేదాకా స్టార్ట్ చేయకూడదు.