డిగ్రీ గడప ఎత్తు పెరిగింది ఎప్పుడు?

మొదటి సెమిస్టర్ సగానికి వచ్చిందో లేదో, తిరుపతి, చిత్తూరు డిగ్రీ కాలేజీల స్టాఫ్ రూముల్లో పాత మాట మళ్లీ మొదలైంది. "పిల్లలు సిద్ధపడి రావడం లేదు. క్లాసులో కూర్చుంటారు గానీ నోరు విప్పరు. ఏదైనా అడిగితే తల దించుకుంటారు. ఆసక్తే లేదు" అని లెక్చరర్లు. "ఇంటర్‌లో ఎనిమిది వందలు తెచ్చుకున్న బిడ్డ మూడు నెలలకే చదువు మానేస్తానంటోంది, అక్కడ ఏం చెప్తున్నారు?" అని తల్లిదండ్రులు. రెండు మాటలూ వాట్సాప్ గ్రూపుల్లోకి ఎక్కేసరికి గొడవ ముదిరింది. మధ్యలో ఉన్న పిల్లలను మాత్రం ఎవరూ పెద్దగా అడగలేదు.

ఈ కథను 1945లో టీటీడీ ఎస్వీ ఆర్ట్స్ కాలేజీ పెట్టిన దగ్గర్నుంచి చెప్పొచ్చు. 1954లో ఎస్వీ యూనివర్సిటీ వచ్చిన దగ్గర్నుంచీ చెప్పొచ్చు. అదంతా ఈ ఊళ్లో చదువుకున్నవాళ్లకు తెలిసిందే. ఇప్పటి గొడవ అర్థం కావడానికి అంత వెనక్కి వెళ్లక్కర్లేదు. 2021 జూన్ దగ్గర ఆగితే చాలని నా నమ్మకం.

ఆ నెలలో రాష్ట్ర ఉన్నత విద్యామండలి ఒక నిర్ణయం ప్రకటించింది. 2021-22 విద్యా సంవత్సరం నుంచి రాష్ట్రంలో డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మీడియంలోనే ఉంటాయి. తెలుగు మీడియం సెక్షన్లు నడుపుతున్న కాలేజీలు వాటిని ఇంగ్లీషులోకి మార్చుకోవాలి. అంతకు ముందు ఏడాది, అంటే 2020-21లో, రాష్ట్రంలో డిగ్రీలో చేరినవాళ్లు సుమారు 2.62 లక్షల మంది. అందులో దాదాపు 66 వేల మంది తెలుగు మీడియంలో చేరారు. నలుగురిలో ఒకరు. మరుసటి ఏడాదికి ఆ నాలుగో మనిషి కూర్చునే బల్ల లేకుండా పోయింది.

అది కోవిడ్ కాలం. ఆ నెలలోనే పదో తరగతి, ఇంటర్ పరీక్షలు రద్దయ్యాయి. ఇంటర్ రెండో ఏడాది పిల్లలకు పదో తరగతి మార్కుల నుంచి 30 శాతం, ఇంటర్ మొదటి ఏడాది మార్కుల నుంచి 70 శాతం లెక్కగట్టి ఫలితాలు ఇచ్చారు. ఇళ్లలో జ్వరాలు, ఆక్సిజన్ సిలిండర్ల కోసం వెతుకులాట, పనులు పోయిన టెన్షన్. డిగ్రీ ఏ భాషలో చెప్తారన్నది అప్పుడు ఎవరికి పట్టింది? పెద్ద చర్చ జరగకుండానే ఆ మార్పు వచ్చేసింది.

స్కూళ్ల విషయంలో అలా జరగలేదు. అది గుర్తు చేసుకుంటేనే తేడా తెలుస్తుంది. 2019 నవంబరులో ఒకటి నుంచి ఆరో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం చేస్తూ జీవో 85 వచ్చింది. దాని మీద టీవీల్లో చర్చలు, పత్రికల్లో వ్యాసాలు, అసెంబ్లీలో కేకలు. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. తర్వాత తల్లిదండ్రుల అభిప్రాయం తీసుకున్నారు, ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉండేలా పుస్తకాలు వేశారు. నచ్చినా నచ్చకపోయినా చిన్న పిల్లల విషయంలో వాదన నడిచింది, కొంత ఏర్పాటు జరిగింది.

ఇప్పుడు ఒక లెక్క వేసి చూడండి. 2020-21లో ఇంగ్లీషు మీడియంలోకి తేవాలనుకున్న పిల్లల్లో అందరికంటే పెద్దవాళ్లు ఆరో తరగతి వాళ్లు. వాళ్లు పది రాసింది 2025లో. ఇంటర్ ముగించి డిగ్రీకి వచ్చేది 2027లో. స్కూల్లో కింది నుంచి ఒక్కో తరగతీ పైకి వస్తూ, కొత్త భాషకు అలవాటు పడిన మొదటి బ్యాచ్ కాలేజీకి చేరేది అప్పుడు. కాలేజీ మాత్రం 2021లోనే భాష మార్చుకుంది. ఈ ఆరేళ్ల మధ్యలో డిగ్రీకి వచ్చిన, వస్తున్న పిల్లల గురించి ఎవరు ఆలోచించారు? వాళ్ల కింద మెట్లు కట్టకముందే గడప ఎత్తు పెంచారు. ఎక్కలేక నిలబడిపోయినవాళ్లను చూసి "ఆసక్తి లేదు" అంటున్నాం.

చిత్తూరులో ఒక డిగ్రీ కాలేజీ బోటనీ క్లాసులో, లెక్చరర్ అనుమతితో, వెనక బెంచీలో కూర్చున్నాను. ఆయన మంచి మనిషి, పాఠం శ్రద్ధగా చెప్పారు. మధ్యలో ఆగి "వాట్ ఈజ్ ఆస్మోసిస్?" అని అడిగారు. నలభై మందిలో ఒక్కరూ లేవలేదు. మూడో బెంచీలో పుంగనూరు వైపు నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయిని పేరు పెట్టి పిలిచారు. లేచి నిలబడింది, దుపట్టా కొస వేలికి చుట్టుకుంటూ నేల చూసింది. "ఇంటర్‌లో చదవలేదామ్మా?" అన్నారాయన. మాట్లాడలేదు. "కూర్చో" అని తనే చెప్పుకుంటూ పోయారు.

క్లాసయ్యాక వరండాలో అడిగాను. "తెలుసు సార్. చెప్పేదానికి రాలేదు" అంది. నాకు చెప్పమన్నాను. "ద్రవాభిసరణం కదా సార్. ఎండు ద్రాక్ష నీళ్లలో వేస్తే ఉబ్బుతాది, ఉప్పు నీళ్లలో వేస్తే ముడుచుకుంటాది. పొరలో నుంచి నీళ్లు మాత్రమే పోతాయి, ఉప్పు పోదు. టెన్త్‌లో మా మేడమ్ చేసి చూపించింది" అని గడగడా చెప్పింది. నోట్సు చూపించమంటే కాస్త సిగ్గుపడుతూ తీసింది. ఆ రోజు తేదీ కింద 'ఆస్మోసిస్' అని తెలుగు అక్షరాల్లోనే రాసుకుంది. పక్కనే చిన్నగా పెన్సిలుతో 'ద్రవాభిసరణమేనా?' అని ఉంది.

ఆ ప్రశ్నార్థకమే ఈ గొడవకు మూలమని నాకు అనిపిస్తోంది. ఆ అమ్మాయికి విషయం తెలుసు. తనకు తెలిసిందీ, సార్ చెప్తున్నదీ ఒకటేనా అన్నదే తెలియడం లేదు. ఒక మాట రెండో మాటేనని తేల్చుకునేలోపు పాఠం నాలుగు పేజీలు ముందుకు పోతుంది. త్వరణం, ద్రవ్యవేగం, సంయోజకత, కిరణజన్య సంయోగక్రియ: ఏళ్ల తరబడి నేర్చుకున్న మాటలన్నీ ఒక్క వేసవిలో పనికిరాకుండా పోతే ఎవరైనా నోరు మూసుకునే కూర్చుంటారు. దాన్ని పొగరు అనో, నిర్లక్ష్యం అనో అనడం అన్యాయం.

ఆ మాటలు ఊరికే పుట్టినవి కావు. పై చదువులు తెలుగులో చెప్పడానికి పుస్తకాలు కావాలని 1968లో తెలుగు అకాడమీ పెట్టారు. ఇంటర్‌కు, డిగ్రీకి తెలుగు పుస్తకాలు వేసి లక్షల మంది చేతికి అందించింది అదే. ఈ జిల్లాలో ఇప్పుడు టీచర్లుగా, తహసీల్దార్లుగా ఉన్న ఎంతోమంది ఆ పుస్తకాలతోనే బీఏ, బీఎస్సీ పాసయ్యారు. డిగ్రీలో తెలుగు మీడియం తీసేస్తామన్న మరుసటి నెలలో, 2021 జూలైలో, ఆ సంస్థ పేరు తెలుగు-సంస్కృత అకాడమీగా మారింది. దాని మీద మాత్రం చాలా రగడ జరిగింది. పేరు కోసం పోట్లాడినవాళ్లలో సగం మంది ఆ పుస్తకాలు చదువుకునే పిల్లల కోసం నిలబడి ఉంటే బాగుండేది.

లెక్చరర్ల మాట కూడా చెప్పాలి. వాళ్లు చెప్పేవి మూడు కారణాలు: కోవిడ్, ఫోను, హాజరు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు 75 శాతం హాజరు కావాలి గనుక వస్తున్నారు తప్ప చదవడానికి కాదంటారు. రీల్స్ చూసే అలవాటుతో పది నిమిషాలు కుదురుగా కూర్చోలేరంటారు. అందులో నిజం లేకపోలేదు. కోవిడ్ మాట మాత్రం ఇక చెల్లదు. 2020లో పదో తరగతి పరీక్ష రాయకుండానే ఇంటర్‌కు, అక్కడి నుంచి 2022లో డిగ్రీకి వచ్చిన బ్యాచ్ విషయంలో అది న్యాయమైన మాటే. 2025లో డిగ్రీలో చేరినవాళ్లలో ఎక్కువ మంది 2023లో పది, 2025లో ఇంటర్ పరీక్షలు మామూలుగా రాసి వచ్చినవాళ్లు. కోవిడ్ పోయింది, మౌనం పోలేదు.

"ఇప్పుడు టెన్త్‌లోనే చాలామంది ఇంగ్లీషు మీడియంలో రాస్తున్నారు కదా" అని ఒక సీనియర్ లెక్చరర్ నాతో వాదించారు. కాగితం మీద నిజమే. క్లాసులో పాఠం తెలుగులో విని, పరీక్షకు ఇంగ్లీషు జవాబులు బట్టీ పట్టి రాసిన పిల్లలు వాళ్లలో ఎందరో ఆయనకూ తెలుసు. బట్టీ పట్టిన వాక్యం పరీక్ష హాల్లో పనికొస్తుంది. లేచి నిలబడి మన మాటల్లో చెప్పమంటే అది రాదు.

ఈ సరిహద్దులో ఇంకో చిక్కు కూడా ఉంది. నగరి, సత్యవేడు వైపు ఎన్నో ఇళ్లలో మాట్లాడేది అరవం. కుప్పంలో అరవం, కన్నడం, తెలుగు కలిసి నడుస్తాయి. నగరిలో పవర్‌లూమ్ నడిపే ఒక తండ్రి అన్నారు: "ఇంట్లో అరవం మాట్లాడతాం సామీ. స్కూల్లో తెలుగు నేర్చుకోవడానికే మావాడికి ఐదేళ్లు పట్టె. ఇప్పుడు ఇంకోటంటే వాడేం చేస్తాడు?" ఆ అబ్బాయి తిరుపతిలో బీకాం. హాస్టల్లో ఉంటాడు. ఆదివారం ఫోన్ చేసి కాలేజీ గురించి అడిగితే "బాగుందినా" అని పెట్టేస్తాడట.

బీటెక్ పిల్లల సంగతి వేరు. కార్పొరేట్ ఇంటర్ కాలేజీల నుంచి వచ్చేవాళ్లకు ఇంగ్లీషు పదాలు కొత్త కాదు. రెండేళ్లు ఆబ్జెక్టివ్ ప్రశ్నలే చేసి వచ్చారు గనుక నాలుగు వాక్యాలు సొంతంగా రాయమంటే ఇబ్బంది పడతారు. అది ఇంకో కథనం.

భాష తర్వాత నాకు ముఖ్యంగా కనిపించింది ఖాళీ నెలలు. 2025లో ఇంటర్ ఫలితాలు ఏప్రిల్ 12న వచ్చాయి. డిగ్రీలో చేరడానికి ఆన్‌లైన్ ప్రవేశాలు మొదలైంది ఆగస్టులో. నాలుగు నెలలు. చిత్తూరు జిల్లాలో ఆ నెలలు ఊరికే గడవవు. అది తోతాపురి కాలం. పల్ప్ ఫ్యాక్టరీల ముందు మామిడి ట్రాక్టర్లు బారులు తీరతాయి, దించడానికి, ఏరడానికి మనుషులు కావాలి. కొందరు పిల్లలు అక్కడికి వెళ్తారు. కొందరు శ్రీసిటీ కంపెనీల్లో, తిరుపతి బట్టల షాపుల్లో చేరతారు. చేతికి డబ్బు రావడం మొదలయ్యాక, ఆ డబ్బుతో ఇంట్లో ఒక అప్పు తీరాక, ఆగస్టులో వచ్చి పుస్తకం పట్టుకోమంటే మనసు అంత తేలిగ్గా తిరగదు. పని మాని కాలేజీకి వచ్చినవాణ్ణి మొదటి వారంలోనే అర్థం కాని భాష ఎదురుకొడితే వాడు తిరిగి ఎటు చూస్తాడో ఊహించడం కష్టం కాదు.

ఏ కోర్సు తీసుకోవాలన్నది తేలేది కూడా చాలాసార్లు నెట్ సెంటర్లోనే. 2023-24 నుంచి డిగ్రీలో ఒక మేజర్ సబ్జెక్టు ఎంచుకునే పద్ధతి వచ్చింది. మూడు నాలుగేళ్లు చదవబోయేది ఏమిటో పదిహేడేళ్ల పిల్లాడు వెబ్ ఆప్షన్ల పేజీలో తేల్చుకోవాలి. పక్కన అన్నో నాన్నో ఉంటే సరే. లేకపోతే కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి ఏది నొక్కితే అదే.

కొత్తగా వచ్చినవాళ్లను కాలేజీకి అలవాటు చేయాలన్న ఆలోచన లేదని కాదు. దేశంలోని విశ్వవిద్యాలయాల వ్యవహారాలు చూసే యూజీసీ 2019లో దీక్షారంభ్ పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. చేరిన మొదటి రోజుల్లో పాఠాలు పక్కనపెట్టి, పరిచయాలు, లైబ్రరీ, సీనియర్లతో మాటలు, ఊరి చుట్టూ తిప్పి చూపడం లాంటివి చేయమంది. మంచి ఆలోచన. మన దగ్గర సీట్లు విడతలు విడతలుగా నిండుతాయి. మొదటి విడతవాళ్లకు ఆ కార్యక్రమం అయిపోయాక రెండో విడతవాళ్లు, క్లాసులు సాగుతుండగా ఆఖరి విడతవాళ్లు వస్తారు. నేను మాట్లాడిన పదకొండు మందిలో ఆ మొదటి రోజులు చూసినవాళ్లు ముగ్గురే. పుంగనూరు అమ్మాయి వచ్చేసరికి రెండో యూనిట్ నడుస్తోంది. లైబ్రరీ ఎక్కడుందో తనకు నెల తర్వాత తెలిసింది.

2021లో డిగ్రీకి కూడా రెండు భాషల్లో పుస్తకాలు తెస్తామన్నారు. నేను మాట్లాడిన పిల్లల బ్యాగుల్లో అలాంటివి కనపడలేదు. ఒక గైడు, ఫోన్లో పీడీఎఫ్‌లు, ఎవరో సీనియర్ రాసుకున్న నోట్సు జిరాక్సు ఉన్నాయి.

2023 ఏప్రిల్‌లో యూజీసీ ఇంకో మాట చెప్పింది. కోర్సు ఇంగ్లీషు మీడియంలో ఉన్నా, పరీక్షల్లో జవాబులు స్థానిక భాషలో రాయడానికి విద్యార్థులను అనుమతించాలని అన్ని విశ్వవిద్యాలయాలను కోరింది. ఈ గొడవ మొత్తంలో నాకు వెలుగులా కనిపించిన మాట ఇదొక్కటే. లెక్చరర్ల గ్రూపుల్లో గానీ తల్లిదండ్రుల గ్రూపుల్లో గానీ ఇన్ని మెసేజీల మధ్య దాన్ని ఎవరూ ప్రస్తావించలేదు. పదకొండు మంది పిల్లల్లో ఒక్కరికీ దాని గురించి తెలియదు.

వరండాలో ఆ అమ్మాయికి ఈ సంగతి చెప్పాను. నోట్సు మూయబోతున్నది ఆగింది. "నిజమా సార్? తెలుగులో రాస్తే మార్కులు వేస్తారా?" అంది. యూజీసీ అడిగింది, వేయాల్సింది మీ యూనివర్సిటీ అన్నాను. కాసేపు ఆలోచించి, బస్సుకు టైమవుతోందని బ్యాగు భుజానికి వేసుకుంటూ, "ఆ కాగితం ఉంటే ఫోన్‌కు పంపండి సార్. రేపు మా సార్‌కు చూపించి అడుగుతా" అంది.

పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి.