ఇంజిన్ ఎప్పుడు వేడెక్కుతోంది?

కారు ట్రాఫిక్‌లో ఆగి ఉంది. టెంపరేచర్ ముల్లు రోజూ ఉండే చోటు వదిలి ఎర్ర గీత వైపు జరుగుతోంది. ఎవరికైనా టెన్షనే. బండి పక్కకు తీసి బానెట్ ఎత్తగానే నోట వచ్చే మొదటి మాట, "ఏ పార్టు పోయింది?" అని. తప్పుదారి అక్కడే మొదలవుతుంది. థర్మోస్టాట్ మారుస్తారు, తగ్గదు. రేడియేటర్ మారుస్తారు, తగ్గదు. వాటర్ పంపు దాకా వెళ్తారు. ఆఖరికి చూస్తే ఫ్యాన్ ఫ్యూజు కాలిపోయి ఉంటుంది. ఇలా డబ్బూ రోజులూ పోగొట్టుకున్నవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఖర్చు లేని ప్రశ్న ఒకటి ముందే అడిగి ఉంటే సరిపోయేది: ఎప్పుడు వేడెక్కుతోంది?

ఆగి ఉన్నప్పుడా, వేగంగా వెళ్తున్నప్పుడా, ఎత్తు ఎక్కేటప్పుడా, స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాలకేనా? ఈ జవాబుకు అంత విలువ ఎందుకో తెలియాలంటే ఇంజిన్‌లో వేడి ఎటు పోతుందో చూడాలి. పెట్రోలులో ఉన్న శక్తిలో దాదాపు మూడో వంతే బండిని నడిపే పనికి వస్తుంది. ఇంచుమించు అంతే వేడి పొగతో పాటు సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగాన్ని కూలెంటే, అంటే ఇంజిన్ చుట్టూ తిరుగుతూ దాన్ని చల్లబరిచే నీళ్లే, మోసుకుపోవాలి. సిలిండర్‌లో మంట వేడి క్షణకాలం 2000 డిగ్రీలు దాటుతుంది. పిస్టన్, హెడ్ (సిలిండర్ల పైకప్పు) తయారయ్యే అల్యూమినియమేమో 660 డిగ్రీలకే కరుగుతుంది. ఆ మంట పక్కనే ఆ లోహం కరక్కుండా నిలబడుతోందంటే, గోడల వెనక పారుతున్న నీళ్లు వేడిని ఎప్పటికప్పుడు లాగేస్తుండడమే ముఖ్య కారణం.

అలా లాగిన వేడిని రేడియేటర్‌లో గాలికి అప్పగించాలి. అంటే రెండు ప్రవాహాలు సాగుతుండాలి: గొట్టాల్లో నీళ్లు, రెక్కల మధ్య గాలి. ఏ ప్రవాహం కుంటుపడిందో చాలాసార్లు "ఎప్పుడు" అన్న ప్రశ్నే చెప్పేస్తుంది.

ఆగి ఉన్నప్పుడు వేడెక్కి, రోడ్డు మీద వేగం అందుకోగానే చల్లబడితే అనుమానం గాలి మీదే. వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది, ఫ్యాన్‌తో అంతగా పని ఉండదు. ఆగినప్పుడు మాత్రం భారమంతా ఫ్యాన్ మీదే. చాలా కార్లలో ఏసీ వేస్తే రేడియేటర్ ఫ్యాన్ కూడా తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు, సెన్సర్... చాలావరకు ఈ నాలుగింటిలో ఏదో ఒకటి. ఫ్యాన్ బాగానే తిరుగుతుంటే టార్చి వేసి ఏసీ కండెన్సర్‌కీ (రేడియేటర్ ముందుండే ఏసీ జాలీ) రేడియేటర్‌కీ మధ్య సందులోకి చూడండి. ముందు నుంచి శుభ్రంగా కనిపించే బండ్లలో కూడా ఆ సందు దుమ్ముతో, ఎండుటాకులతో, చచ్చిన పురుగులతో దుప్పటి కప్పినట్టు మూసుకుపోయి ఉంటుంది.

దీనికి తిరగేసి, ఊళ్లో మామూలుగా ఉండి, వేగంలోనో ఎత్తు ఎక్కేటప్పుడో వేడెక్కితే నీటి ప్రవాహాన్ని అనుమానించాలి. రేడియేటర్ సన్న గొట్టాల్లో పొర కట్టి ఉండవచ్చు. ఉప్పునీళ్లు పోస్తూ ఉంటే సున్నం పేరుకుంటుంది, ఆ పొర అల్యూమినియంతో పోలిస్తే చాలా తక్కువ వేడినే దాటనిస్తుంది. పంపు లోపలి రెక్కలు తుప్పుతో అరిగిపోయి ఉండవచ్చు. ఇంకొకటి ఉంది, చాలామంది కంటికి దొరకనిది: రేడియేటర్ కింది గొట్టం. చాలా ఇంజిన్లలో పంపు నీళ్లను పీల్చేది దీని నుంచే. రబ్బరు మెత్తబడితే ఇంజిన్ జోరు పెరిగినప్పుడు ఆ పీల్పుకు గొట్టం లోపలికి నొక్కుకుపోతుంది. బండి ఆపి చూసేసరికి మళ్లీ గుండ్రంగానే ఉంటుంది. ఒకరు యాక్సిలరేటర్ తొక్కుతుంటే ఇంకొకరు దాన్నే చూస్తూ నిలబడితే తప్ప దొరకదు.

స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాలకే ముల్లు పైకి పోతుంటే ముందు కూలెంట్ మట్టం చూడాలి, ఆ తర్వాత థర్మోస్టాట్. థర్మోస్టాట్‌లో కరెంటుతో పని లేని చిన్న చమత్కారం ఉంది. గోలీ అంత డబ్బీలో మైనం ఉంటుంది. వేడికి మైనం కరిగి ఉబ్బుతుంది, ఉబ్బి ఒక పుల్లను తోస్తుంది, ఆ తోపుకు వాల్వు తెరుచుకుని నీళ్లు రేడియేటర్‌లోకి పోతాయి. ఎన్ని డిగ్రీలకు తెరుచుకోవాలో చాలావాటి మీద అచ్చు వేసి ఉంటుంది: 82 అనో, 88 అనో. విప్పి తీసిన థర్మోస్టాట్‌ని దారంతో కట్టి, అడుగు తగలకుండా నీళ్ల గిన్నెలో వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి పొయ్యి వెలిగిస్తే చాలు. ఆ అంకె దగ్గర వాల్వు అంచు సన్నగా విడివడడం కంటికి కనిపిస్తుంది. నీళ్లు మరిగినా కదలకపోతే అది బిగుసుకుపోయినట్టే.

విప్పకుండా చూడాలంటే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, ఫ్యాన్‌కీ బెల్టుకీ దూరంగా, రేడియేటర్ పై గొట్టాన్నీ కింది గొట్టాన్నీ మధ్యమధ్యలో తాకి చూడాలి. ముల్లు పైకి పోయినా రేడియేటర్ వైపు గొట్టం చల్లగానే ఉంటే థర్మోస్టాట్ తెరుచుకోలేదని అర్థం. పైది కాలుతూ కిందిది చల్లగా ఉండిపోతే రేడియేటర్ లోపలే పూడుకుపోయి ఉండవచ్చు.

థర్మోస్టాట్ తీసి పక్కన పడేయడం అన్నిటికీ మందు అనుకునేవాళ్లున్నారు. అది నాకు అసలు నచ్చని పని. ఇంజిన్ తన వేడికి చేరుకోదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. కొన్ని ఇంజిన్లలోనైతే నీళ్లు రేడియేటర్‌కి వెళ్లకుండా అడ్డదారిన తిరిగి, వేడి ఇంకా పెరుగుతుంది.

రేడియేటర్ మూతను ఎవరూ పార్టుగా లెక్కపెట్టరు. కానీ లోపలి ఒత్తిడిని బయటికంటే సుమారు ఒక బార్ (దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత) ఎక్కువగా పట్టి ఉంచేది అదే. ఆ ఒత్తిడిలో మామూలు నీళ్లు 100 కాదు, 120 డిగ్రీలకు మరుగుతాయి. మూత స్ప్రింగు బలహీనపడితే మిగతావన్నీ బాగున్నా నీళ్లు ముందే మరిగిపోతాయి. వేడి మీద మూత తీయకూడదనేది కూడా ఇందుకే. ఒత్తిడి పోగానే లోపలి నీళ్లలో కొంత ఆ క్షణమే ఆవిరవుతుంది, ఒక గ్రాము నీళ్లు లీటరున్నర పైగా ఆవిరిగా మారి మిగతా సలసల నీళ్లను ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. దయచేసి కనీసం అరగంట ఆగండి, పై గొట్టం చేతితో పట్టుకోగలిగేంత చల్లబడ్డాకే మూత ముట్టుకోండి.

ముల్లును కూడా పూర్తిగా నమ్మడానికి లేదు. చాలా కొత్త కార్లలో కూలెంట్ వేడి కొన్ని డిగ్రీలు అటూఇటూ అయినా ముల్లు మధ్యలోనే ఉండేలా చేసి పెడతారు. అది కదిలిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. ఓబీడీ పోర్టుకి (కారు కంప్యూటర్ లెక్కలు చదివే సాకెట్) స్కానర్ తగిలిస్తే అసలు డిగ్రీలు కనిపిస్తాయి. ఇంతకంటే ప్రమాదం ఇంకొకటి: కూలెంట్ బాగా కారిపోతే సెన్సర్ నీళ్లలో మునగదు, అప్పుడు ఎర్ర గీత దాకా వెళ్లిన ముల్లు హఠాత్తుగా కిందికి పడిపోవచ్చు. అది చూసి హమ్మయ్య అనుకుని బండి నడిపితే ఇంజిన్ పోతుంది. ఇంజిన్ కాగుతుండగా హీటర్ వేస్తే చల్లగాలి వస్తోందా? నీళ్లు తగ్గిపోయాయనో, గాలి ఇరుక్కుందనో, పంపు తిరగడం లేదనో అర్థం.

చివరగా అందరూ భయపడేది, హెడ్ గాస్కెట్: హెడ్‌కీ కింది ఇంజిన్ బ్లాకుకీ మధ్య సందు మూసే పల్చటి పొర. అల్యూమినియం పోత ఇనుముకంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. ఇనుప బ్లాకు మీద బిగించిన అల్యూమినియం హెడ్ బాగా కాగితే వంకరపోయి, మధ్యలోని గాస్కెట్ చితుకుతుంది. దాన్ని పట్టుకోవాలంటే చల్లటి ఇంజిన్ మీద మూత తీసి స్టార్ట్ చేసి, మూతి లోపలికి చూడాలి. నాలుగు బుడగలు వచ్చి ఆగిపోతే ఇరుక్కున్న గాలి వదిలిందంతే. ఆగకుండా వస్తూనే ఉంటే సిలిండర్‌లో మండిన వాయువు నీళ్లలోకి దూరుతోందని గట్టి అనుమానం. మెకానిక్ దగ్గర ఒక నీలి ద్రవం ఉంటుంది. కూలెంట్ పైనున్న గాలిని అందులోకి పీల్చినప్పుడు, కార్బన్ డయాక్సైడ్ ఉంటే ఆ నీలం పసుపుకు తిరుగుతుంది.

తిరిగితే హెడ్ దించాల్సిందే. దించాక దాని మీద ఉక్కు బద్ద ఆనించి, సందులో ఫీలర్ గేజ్ (సన్నటి సందులు కొలిచే పరికరం) ఆకు దూరుతుందేమో చూడమని పట్టుబట్టండి. తల వెంట్రుక మందమంత వంకర ఉన్నా చాలా ఇంజిన్లకు ఎక్కువే. దాన్ని సాపు చేయకుండా కొత్త గాస్కెట్ వేసి బిగిస్తే కొద్ది రోజుల్లోనే మళ్లీ బుడగలు మొదలవుతాయి. హెడ్ సాపు చేయించినా, అసలు మొదటిసారి ఎందుకు కాగిందో తేలకపోతే ఆ ఫ్యూజో ఆ కింది గొట్టమో ఇంకా అలాగే ఉంటుంది.