ఫ్యాను నెమ్మదించిందా? కాయిల్‌ని కాదు, కండెన్సర్‌ని అనుమానించండి

ఎండలు ముదిరేసరికి చాలా ఇళ్లలో ఒకటే ప్రశ్న. "ఫ్యాను అయిదులో పెట్టినా గాలి తగలడం లేదు. కాయిల్ వీక్ అయిందంటున్నారు. కొత్తది కొనేయాలా?"

అక్కర్లేదు. ముందుగా ఆ "కాయిల్ వీక్" అనే మాటను పక్కన పెట్టాలి. రాగి తీగ ఏళ్లు గడిచినకొద్దీ నీరసపడదు. తీగ మీది ఎనామిల్ పూత మాడితే చుట్లు ఒకదానితో ఒకటి షార్టవుతాయి, కాయిల్ వేడెక్కుతుంది, మాడు వాసన వస్తుంది, కాలిపోతుంది. ఏడాదికింత చొప్పున చప్పుడు చేయకుండా తరిగిపోయే కరెంటు భాగం ఫ్యానులో ఒక్కటే ఉంది. పైకప్పు దగ్గర గిన్నె లాంటి మూతలో దాక్కుని ఉండే అగ్గిపెట్టంత డబ్బా అది. షాపులో కండెన్సర్ అంటారు, పాఠ్యపుస్తకాల్లో కెపాసిటర్. ఖరీదు మామూలుగా వంద రూపాయల లోపే. దాని పని ఎంత గొప్పదో తెలిస్తే ఫ్యాను జబ్బుల్లో సగం మీరే కనిపెట్టగలరు.

ఇంటికి వచ్చేది సింగిల్ ఫేజ్ కరెంటు. 230 వోల్టులు, సెకనుకు 50 ఆవృత్తులు. దీన్ని ఒక కాయిల్‌కి ఇస్తే అయస్కాంత క్షేత్రం పుడుతుంది కానీ అది తిరగదు. ఒకే గీత మీద అటూ ఇటూ ఊగుతుంది. ఊగేదానితో ఒక వస్తువును తిప్పడం ఎలా?

తిరగలిని తలచుకోండి. పిడి పట్టుకుని ఒకే తిన్నని గీత మీద ముందుకు తోస్తూ, వెనక్కి లాగుతూ ఉన్నారనుకుందాం. పిడి సరిగ్గా ఆ గీత కొసన ఉంటే ఎంత తోసినా రాయి కదలదు, బలమంతా నడిమి ఇరుసు మీద పడుతుంది. కానీ ఎవరైనా ముందే రాయిని కాస్త తిప్పి వదిలితే, మీ ముందు వెనకల తోపుతోనే అది తిరుగుతూ పోతుంది. కుడికి తిప్పి వదిలితే కుడికి, ఎడమకి తిప్పి వదిలితే ఎడమకి. ఇప్పుడు మీకు పక్కగా ఇంకొకరు కూర్చుని, అడ్డంగా, మీకంటే సరిగ్గా పావు చుట్టు తేడాతో తోస్తే? మీ తోపు పనిచేయని చోట వాళ్ల తోపు పనిచేస్తుంది, వాళ్లది పనిచేయని చోట మీది. రాయి ఏ స్థితిలో ఉన్నా కదులుతుంది, ఎప్పుడూ ఒకే దిక్కుకి తిరుగుతుంది.

ఫ్యానులోనూ అందుకే రెండు రకాల చుట్లు ఉంటాయి, రన్నింగ్ కాయిల్, స్టార్టింగ్ కాయిల్. రెండింటినీ అయస్కాంత ధ్రువాల లెక్కలో పావు ఆవృత్తి ఎడంగా అమర్చుతారు. మరి కరెంటులో పావు ఆవృత్తి తేడా ఎక్కడినుంచి వస్తుంది? ఇంటికొచ్చే ఫేజు ఒక్కటే కదా. కండెన్సర్ ఉన్నది అందుకే. కాయిల్‌లో కరెంటు వోల్టేజీ కంటే వెనకబడుతుంది, కండెన్సర్‌లో ముందు నడుస్తుంది. స్టార్టింగ్ కాయిల్‌కి వరసలో కండెన్సర్ కలిపితే దాని కరెంటు ముందుకు జరుగుతుంది, రెండింటి మధ్య దాదాపు 90 డిగ్రీల తేడా ఏర్పడుతుంది. ఊగే రెండు క్షేత్రాలు కలిసి తిరిగే క్షేత్రం అవుతుంది. ఈ సూత్రాన్ని 1885లో ఇటలీలోని టురిన్‌లో గెలీలియో ఫెరారిస్ చేసి చూపించాడు, 1888లో ప్రచురించాడు. అదే ఏడాది నికోలా టెస్లాకు అమెరికాలో పేటెంట్లు దక్కాయి. మన తల మీద తిరిగేది ఆ ఆలోచనే.

ఇంటర్ రెండో ఏడాది ఫిజిక్సులో ఇండక్టరూ కెపాసిటరూ ఉన్న ఏసీ సర్క్యూట్లలో ఫేజు కోణం లెక్కలు పిల్లలచేత పదేపదే చేయిస్తాం. ఆ లెక్క క్లాసు రూములోనే, వాళ్ల తల మీదే గిరగిరా తిరుగుతోందని ఒక్కసారి వేలెత్తి చూపిస్తే ఆ పాఠం జన్మలో మరచిపోరు. పాత కండెన్సర్ ఒకటీ, కొత్తది ఒకటీ, కరెంటు కొలతలు తీసే మల్టీమీటరు ఒకటీ చాలు ప్రయోగానికి.

ఇక కండెన్సర్ నీరసపడితే ఏమవుతుందో చూద్దాం. కండెన్సర్ చార్జిని పట్టి ఉంచే కెపాసిటీని మైక్రోఫారడ్లలో కొలుస్తారు. 2.5 మైక్రోఫారడ్ల కండెన్సర్ 50 హెర్ట్జ్ (సెకనుకు 50 ఆవృత్తులు) దగ్గర కరెంటుకు సుమారు 1270 ఓముల అడ్డు చూపిస్తుంది. అదే 1.5కి పడిపోతే అడ్డు 2120 ఓములు. స్టార్టింగ్ కాయిల్‌కి చేరే కరెంటు తగ్గింది, ఫేజు తేడా కూడా చెదిరింది. అంటే తిరగలి దగ్గర పక్కన కూర్చున్న మనిషి సన్నగిల్లాడు, వేళ తప్పి తోస్తున్నాడు. అప్పుడు క్షేత్రం గుండ్రంగా తిరగదు, కోడిగుడ్డులా సాగిపోతుంది. గణితంలో ఆ సాగిన క్షేత్రాన్ని రెండు గుండ్రటి క్షేత్రాలుగా విడదీయవచ్చు. ఒకటి ముందుకి తిరిగే పెద్దది, ఇంకొకటి వెనక్కి తిరిగే చిన్నది. ఆ వెనకదే ఫ్యానుని నిరంతరం వెనక్కి లాగుతుంది. పైగా రెండూ ఎదురెదురుగా తిరగడంతో తిప్పే బలం సెకనుకు నూరు సార్లు హెచ్చుతగ్గులవుతుంది. నెమ్మదించిన ఫ్యాను నుంచి వినిపించే సన్నని "ఊఁ" అనే మోతలో అది కూడా ఉంటుంది.

14 ధ్రువాల ఫ్యానులో క్షేత్రం నిమిషానికి 428 చుట్లు తిరుగుతుంది. ఫ్యాను దాన్ని ఎప్పుడూ అందుకోలేదు, 350 చుట్ల దగ్గర స్థిరపడుతుంది. తిప్పే బలం తగ్గితే ఇంకా కిందికి జారుతుంది. వేగం 20 శాతం తగ్గితే గాలి పరిమాణం కూడా 20 శాతమే తగ్గుతుంది, కానీ గాలికి అందే శక్తి వేగం ఘనంతో ముడిపడినది. 0.8 ఘనం 0.51. అందుకే కంటికి వేగం కొంచెమే తగ్గినట్టు అనిపించినా ఒంటికి గాలి సగమే తగిలినట్టుంటుంది.

ఆ డబ్బా లోపల ఏముంటుంది? అల్యూమినియం, జింకు పూసిన పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పొరలను చుట్టగా చుట్టి పెడతారు. పొర మందం 6 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) అనుకుంటే, 2.5 మైక్రోఫారడ్లు రావడానికి ఎంత వైశాల్యం కావాలో లెక్క కట్టవచ్చు: సుమారు 0.77 చదరపు మీటర్లు. ఎనిమిది చదరపు అడుగులకు పైమాటే, అరచేతిలో ఇమిడే డబ్బాలో! దీనికొక అద్భుతమైన గుణం ఉంది. పొరలో ఎక్కడైనా సూదిమొనంత లోపం ఉండి అక్కడ కరెంటు చీల్చుకుని దూకితే, ఆ మెరుపుకు చిల్లు చుట్టూ ఉన్న లోహపు పూత ఆవిరైపోతుంది. షార్టు తనంతట తానే తెగిపోతుంది, కండెన్సర్ బతికిపోతుంది. కాకపోతే ఆ మేరకు వైశాల్యం పోయింది, వైశాల్యంతో పాటు కెపాసిటీ కూడా. ఇలా గాయం మానిన ప్రతిసారీ కాస్త చిక్కుతుంది. తేమ చేరితే పూత అంచులనుంచి తుప్పు పడుతుంది. వేడి ఈ రెండింటికీ తోడు. స్లాబుకు ఆనుకుని ఉన్న మూతలో మే నెల మధ్యాహ్నం వేడి ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. సుమారు పది డిగ్రీల వేడి పెరిగితే కండెన్సర్ ఆయుష్షు సగమవుతుందన్నది ఇంజినీర్లు వాడే మోటు లెక్క. పైఅంతస్తు గదుల్లో కండెన్సర్లు ముందు పోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు పరీక్ష. ఇంట్లో ఫ్యాన్లన్నీ ఒకేసారి నెమ్మదిస్తే తప్పు కండెన్సర్‌ది కాదు, వోల్టేజీది. మోటారు బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 230 కాస్తా 190 అయితే బలం మూడింట రెండు వంతులకు పడిపోతుంది. ఒక్క ఫ్యానే నెమ్మదిస్తే, కరెంటు ఆపి రెక్కను చేత్తో తిప్పండి. గరగరమన్నా, త్వరగా ఆగిపోయినా బేరింగులు చూడాలి. మెత్తగా, చాలాసేపు తిరిగితే బేరింగులు బాగున్నట్టే, గ్రీజు పెట్టించనక్కర్లేదు. తర్వాత రెగ్యులేటర్. మెట్లు మెట్లుగా తిరిగే రకంలో అయిదో అంకె దగ్గర సాధారణంగా కరెంటు నేరుగా ఫ్యానుకు వెళ్తుంది. అయిదులో బాగా తిరిగి మూడు, నాలుగులో మరీ నెమ్మదిస్తే చెడింది రెగ్యులేటర్ లోపలి కండెన్సర్లు. అయిదులో కూడా నెమ్మదిగానే ఉంటే ఫ్యాను కండెన్సర్ వైపు చూడండి. స్విచ్ వేస్తే మూలుగుతూ కదలకుండా ఉండి, పొడుగాటి కర్రతో రెక్కను తోస్తే ఎటు తోస్తే అటు తిరగడం మొదలుపెడితే, కండెన్సర్ పూర్తిగా పోయింది, లేదా స్టార్టింగ్ కాయిల్ తెగింది. తిరగలి దగ్గర ఒక్కరే మిగిలారు. మూలుగు కూడా లేదంటే చాలావరకు ఫ్యాను దాకా కరెంటే రావడం లేదు. ఫ్యానును ఆ మూలుగుతోనే వదిలేయకండి, కాయిల్ నిజంగా కాలేది అప్పుడే.

మార్చే పని అరగంటది, కానీ జాగ్రత్త ముఖ్యం. గోడ స్విచ్ ఆపితే సరిపోదు. పాత వైరింగులో స్విచ్ న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) మీద ఉండే అవకాశం ఉంది, అప్పుడు స్విచ్ ఆపినా ఫ్యాను దగ్గర ఫేజు (షాక్ కొట్టే తీగ) ఉంటుంది. ఎంసీబీ గాని మెయిన్ గాని ఆపండి. పనిచేస్తోందని తెలిసిన సాకెట్‌లో ముందే టెస్టర్‌ను సరిచూసుకుని, తర్వాత ఫ్యాను తీగల దగ్గర పెట్టి చూడండి. బల్ల మీద స్టూలు వేసి ఎక్కవద్దు, నిచ్చెన ఉండాలి, కింద పట్టుకునే మనిషి ఉండాలి. మూత స్క్రూ వదులు చేసి కిందికి జార్చితే కండెన్సర్ కనిపిస్తుంది. ఏ తీగ ఎక్కడుందో ఫోనుతో ఫొటో తీశాకే ఏదైనా విప్పండి. మామూలుగా ఫ్యాను ఆగాక కండెన్సర్‌లో మిగిలిన చార్జి కాయిళ్ల గుండానే ఖాళీ అవుతుంది. కాయిల్ తెగి ఉంటే మాత్రం అందులోనే ఉండిపోతుంది. అందుకే ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌తో కండెన్సర్ రెండు కాళ్లనూ, అంటే దాని రెండు తీగల కొసలనూ, ఒకసారి కలపండి.

విప్పిన కండెన్సర్‌ను మల్టీమీటరులో కెపాసిటెన్స్ దగ్గర పెట్టి కొలవండి. 2.5, ప్లస్ ఆర్ మైనస్ 5 శాతం అని రాసి ఉంటే 2.38 నుంచి 2.62 మధ్య చూపాలి. 2 కంటే తక్కువైతే సందేహం లేకుండా మార్చేయండి. కొందరు మెకానిక్కులు కండెన్సర్‌ను మెయిన్సుకి తగిలించి, కాళ్లు కలిపి, టప్పుమని నిప్పురవ్వ వస్తే "బాగుంది" అంటారు. ఆ పరీక్ష ప్రమాదకరమే కాదు, పనికిరానిది కూడా. 1.5కి చిక్కిపోయిన కండెన్సర్ కూడా చక్కగా టప్పుమంటుంది. రవ్వను చూసి కెపాసిటీ కొలవలేం.

కొత్తది కొనేటప్పుడు పాతదాని మీది అంకె చూడండి. 2.25, 2.5, 3.15, 4 అని రకరకాలుగా వస్తాయి. ఏది ఉంటే అదే. "3.15 వేయండి, స్పీడు పెరుగుతుంది" అనే సలహా వినవద్దు. నిజంగానే కాస్త పెరుగుతుంది, కానీ స్టార్టింగ్ కాయిల్‌లో అది ఓర్వగలిగినదానికంటే ఎక్కువ కరెంటు పారుతుంది, వేడికి ఎనామిల్ మాడుతుంది. వంద రూపాయల రిపేరు రీవైండింగు దాకా పోతుంది. వోల్టేజీ 440 ఏసీ అని ఉన్నదే తీసుకోండి. కరెంటు 230 అయితే 440 ఎందుకంటే, కండెన్సర్ రెండు కాయిళ్ల చివరల మధ్య ఉంటుంది. ఆ రెండు చివరల వోల్టేజీలూ 90 డిగ్రీల తేడాతో నడుస్తాయి కాబట్టి వాటి మధ్య తేడా 230కి 1.414 రెట్లు, అంటే సుమారు 325 దాకా పోతుంది. 250 అని రాసి ఉన్నది ఎక్కువకాలం నిలవదు. ఐఎస్ఐ ముద్ర, ఐఎస్ 2993 అనే అంకె కూడా చూడండి.

బిగించేటప్పుడు కండెన్సర్ కాళ్లలో ప్లస్ మైనస్ లేవు, ఎటు పెట్టినా ఒకటే. తప్పు జరిగేది ఇంకో చోట. ఫ్యానునుంచి మూడు తీగలు వస్తాయి. రంగులు కంపెనీని బట్టి మారతాయి, వాటిని నమ్మవద్దు. ఫొటో పోయిందా, తీగలు కలిసిపోయాయా? కండెన్సర్ విప్పి ఉండగా మూడు జతలనూ మల్టీమీటరులో ఓముల దగ్గర కొలవండి. అన్నిటికంటే ఎక్కువ చూపిన జతలో రెండు కాయిళ్లూ వరసలో ఉన్నట్టు. ఆ రెండు తీగల మధ్యే కండెన్సర్ రావాలి. మిగిలిన మూడోది కామన్, దానికి న్యూట్రల్. ఫేజు ఆ రెండింటిలో ఒకదానికి ఇవ్వాలి. ఫ్యాను వెనక్కి తిరిగి గాలి పైకి పోతే రెండోదానికి మార్చండి. తీగలు మెలిపెట్టి టేపు చుట్టడం కంటే కనెక్టర్‌లో బిగించడం మేలు, పైకప్పు వేడికి టేపు జిగురు కరిగి జారుతుంది. మూత పైకి నెట్టే ముందు డౌన్ రాడ్డు (ఫ్యానును వేలాడదీసే గొట్టం) బోల్టునూ, అది ఊడిపోకుండా దాని చివర ఉండే స్ప్లిట్ పిన్నునూ ఒకసారి చూడండి. ఆ పిన్ను లేని ఫ్యాను కింద ఎవరూ పడుకోకూడదు.

ఇదంతా మామూలు ఇండక్షన్ ఫ్యాన్ల సంగతి. బీఎల్‌డీసీ (బ్రష్‌లెస్ డీసీ మోటారు) ఫ్యాన్లలో శాశ్వత అయస్కాంతాలుంటాయి. తిరిగే క్షేత్రాన్ని లోపలి ఎలక్ట్రానిక్ బోర్డే తయారుచేస్తుంది కాబట్టి అక్కడ ఈ కండెన్సర్ ఉండదు. అది నెమ్మదిస్తే ముందు గోడ మీద పాత రెగ్యులేటర్ ఇంకా తగిలించే ఉందేమో చూడండి. ఆ ఫ్యానుకు నేరుగా స్విచ్ నుంచే కరెంటు వెళ్లాలి.