తడిసిన పక్క: కొత్తగా డ్యూటీలో చేరే సిస్టర్లకు

అనంతపురంలో కొత్త సిస్టర్లకు క్లాసు చెప్పేటప్పుడు నేను మొదట ఎత్తుకునేది మూత్రం సంగతే. వార్డులో రోగి తనంతట తానుగా నోరు విప్పి చెప్పని బాధ ఇది.

అపోహ: పక్క తడుస్తోందంటే మూత్రం బాగానే వస్తోంది.

వాస్తవం: ఈ ఒక్క పొరపాటు నాకు ఇప్పటికీ నిద్ర పట్టనివ్వదు. ఏళ్ళ తరబడి షుగర్ ఉన్న ఒక పెద్దాయనకు రెండు రోజులు డైపర్లు మారుస్తూ పోయాం, పొట్ట మీద చెయ్యి వేసి చూడలేదు. బొడ్డు కింద గట్టిగా ఉబ్బి ఉంది. మూత్రం పైపు (క్యాథెటర్) వేస్తే 900 మిల్లీలీటర్లు వచ్చింది. మామూలుగా మూత్రసంచి పట్టేది 400, 500 మిల్లీలీటర్లే. నిండిన కుండ పొర్లినట్టు చుక్కలు చుక్కలుగా పడుతుంటే మేము దాన్ని ఆగని మూత్రం అనుకున్నాం. షుగర్‌తో నరాలు దెబ్బతిన్నా, మగవాళ్ళకు మూత్రసంచి కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెరిగినా, మలబద్ధకం ముదిరినా ఇలా అవుతుంది. అందుకే డైపర్ తెరిచే ముందు పొట్ట తడమండి. మూత్రానికి వెళ్ళొచ్చాక లోపల ఎంత మిగిలిందో స్కాన్‌లో చూడమని డాక్టరును అడగండి.

అపోహ: నీళ్ళు తగ్గిస్తే సరిపోతుంది.

వాస్తవం: మన చెనిక్కాయ చేలల్లో కలుపు తీసే ఆడవాళ్ళు చాటు దొరకదని పొద్దంతా నీళ్ళు ముట్టరు. ఆ అలవాటుతోనే వార్డుకూ వస్తారు. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడి మూత్రసంచిని రేపుతుంది, మలబద్ధకం పెరుగుతుంది, మూత్రం అర్జెంటుగా రావడం ఇంకా ఎక్కువవుతుంది. గుండె, కిడ్నీ జబ్బులకు డాక్టరు కొలత పెట్టిన వాళ్ళను మినహాయించి మిగిలిన వాళ్ళను పగలు తాగనివ్వండి, పడుకునే ముందు మాత్రం తగ్గించండి. టీ, కాఫీ కూడా తగ్గించి చూడమనండి.

అపోహ: పైపు వేస్తే రోగికీ మనకూ సుఖం.

వాస్తవం: పక్క తడుస్తోందన్న ఒక్క కారణంతో పైపు వేయకూడదు. అది లోపల ఉన్న ప్రతి రోజూ ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. వేయక తప్పకపోతే మూత్రం పడే బ్యాగు రోగి మూత్రసంచి కంటే కిందే ఉండాలి, నేలకు మాత్రం తగలకూడదు. ‘ఈ రోజు ఇంకా అవసరమా?’ అని రౌండ్స్‌లో రోజూ అడగండి.

అపోహ: ముసలితనం, కాన్పుల వల్ల మూత్రం కారుతుంది. ఇక ఇంతే.

వాస్తవం: తెర లాగి, గొంతు తగ్గించి, ‘దగ్గినప్పుడు చుక్క పడుతుందా అవ్వా?’ అని మీరే అడగండి. పడుతుందంటే కటి కండరాల (మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాల) వ్యాయామం నేర్పించండి: బిగించి వదలడం ఎనిమిదిసార్లు, రోజుకు మూడు పూటలు, కనీసం మూడు నెలలు. రెండు వారాలకే మానేసేవాళ్ళు ఎక్కువ. కాబట్టి డిశ్చార్జి రోజు పక్కనున్న కోడలికో కూతురికో కూడా చెప్పి పంపండి.