అమ్మడూ, నీ ప్రాజెక్టులో ఆ మూడు రిఫరెన్సులు

అమ్మడూ, బాబీ,

ఎలా ఉన్నార్రా. మొన్న అమ్మడు వాట్సాప్‌లో పంపిన ప్రాజెక్టు ఫైలు రాత్రి పదకొండున్నర దాకా కూర్చుని చదివా, మీ అమ్మమ్మ లైటు ఆర్పమని రెండుసార్లు వచ్చి గోల చేసింది. తుఫాను హెచ్చరికలు జాలర్లకి ఎలా చేరతాయి, వాళ్ళు వాటిని ఎంతవరకు నమ్ముతారు, ఈ టాపిక్ నాకు భలే నచ్చింది, విశాఖలో పుట్టి పెరిగిన పిల్ల రాయాల్సిందే. రాత కూడా బాగుంది, అక్కడక్కడా గూగుల్ ట్రాన్స్‌లేట్ వాసనేసింది గానీ పోనీలే. గొడవంతా చివరి పేజీలో ఉంది. 14 రిఫరెన్సులిచ్చావు, అందులో మూడు లేవు. స్పెల్లింగు తప్పో పేజీ నంబరు తప్పో కాదు తల్లీ, అసలు అలాంటి పేపర్లు ఎవరూ రాయలేదు.

ఎలా కనిపెట్టాననుకున్నావు? మొదటిదాంట్లో జర్నల్ పేరు నిజమే, కానీ వాల్యూమ్ 43, సంవత్సరం 2016 అని ఉంది. ఆ జర్నల్ మొదలైందే 2000లో, ఏడాదికో వాల్యూమ్ వేస్తారు, ఆ లెక్కన 2016లో పదిహేడో వాల్యూమ్ నడుస్తుండాలి, 43 రావాలంటే 2042 దాకా ఆగాలి మనం. రెండోదానికి డీఓఐ నంబరు, అంటే ఒక్కో పేపరుకీ విడిగా ఇచ్చే లింకు నంబరు, ఉంది కదా అని నొక్కితే పశువుల గాలికుంటు వ్యాధి మీద ఏదో పేపరు తెరుచుకుంది. మూడోదాని టైటిల్ మొత్తం కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్ స్కాలర్‌లో వెతికా, మన దేశంలో థీసిస్‌లన్నీ పెట్టే శోధ్‌గంగలో వెతికా, ఎక్కడా జాడ లేదు. ఏఐని అడిగి పెట్టేశావని అర్థమైపోయింది. సిగ్గుపడకు, 2023లో న్యూయార్కులో ఇద్దరు లాయర్లు ఇదే పని చేశారు, చాట్‌జీపీటీ కల్పించిన కేసుల్ని నిజం కేసులనుకుని కోర్టులో పెట్టేస్తే జడ్జి 5,000 డాలర్ల ఫైనేశాడు. వాళ్ళు చదువుకున్నవాళ్ళే కదా.

తిట్టడానికి రాయట్లేదు ఈ ఉత్తరం. నీకంటే పెద్ద తప్పు నేను ఇరవై ఏళ్ళపాటు చేశా, అదీ జీతం తీసుకుని మరీ. అది చెబుదామని.

మా లైబ్రరీ వాళ్ళు ఇన్ఫర్మేషన్ లిటరసీ అని ఒక మాట వాడతారు. తెలుగులో సమాచార అక్షరాస్యత అంటారు, అంటే అన్నారు గానీ ఒక్కరూ వాడగా నేను వినలేదు. ఈ మాట పుట్టించినాయన లైబ్రేరియన్ కూడా కాదు, అమెరికాలో పాల్ జుర్కోవ్‌స్కీ అని, సమాచారంతో వ్యాపారం చేసే కంపెనీల సంఘానికి అధ్యక్షుడు, 1974లో ఒక ప్రభుత్వ కమిషన్‌కి రాసిన నివేదికలో వాడాడు. తర్వాత 1989లో అమెరికా లైబ్రరీ అసోసియేషన్ కమిటీ దానికో నిర్వచనం చెప్పింది, సమాచారం ఎప్పుడు అవసరమో గుర్తించాలి, వెతికి పట్టుకోవాలి, మంచిచెడ్డలు చూడాలి, సరిగ్గా వాడుకోవాలి, అంతే. 2000లో అక్కడి కాలేజీ లైబ్రరీల సంఘం దాన్ని 5 ప్రమాణాలు, 22 సూచికలుగా విడగొట్టి పెట్టింది. డ్రైవింగ్ లైసెన్సు టెస్టులాగన్నమాట, ఎనిమిది వేయడం వచ్చా, వచ్చింది, టిక్కు, రివర్స్ వచ్చా, వచ్చింది, టిక్కు.

నాకు అది ప్రాణం. ఆంధ్రా యూనివర్సిటీలో లైబ్రరీ సైన్స్ చదివి కాలేజీలో చేరిన దగ్గర్నుంచీ ప్రతి జూలైలో కొత్త పిల్లల్ని వరసగా నిలబెట్టి తిప్పేవాణ్ణి. ఇది క్యాటలాగు బీరువా, ఈ సొరుగులో రచయితలు, ఈ సొరుగులో సబ్జెక్టులు, కార్డులు పీకకండి, కింద కన్నంలోంచి ఇనప చువ్వ ఉంది చూశారా, పీకినా రాదు. ఇది రిఫరెన్స్, బయటికివ్వం. అది పీరియాడికల్స్. మాట్లాడకండి. నలభై నిమిషాల్లో అయిపోయేది, చివర్లో డౌట్స్ ఉన్నాయా అంటే ఎవరికీ ఉండేవి కాదు, నేను భలే చెప్పేశాననుకునేవాణ్ణి.

ఒక ఏడు జాలారిపేట నుంచి వచ్చే కుర్రాడొకడు కౌంటర్ దగ్గరకొచ్చి, చేపల మీద పుస్తకాలేటున్నాయి సార్ అన్నాడు. నేను తల కూడా ఎత్తకుండా 639 చూడు అన్నా. డ్యూయీ లెక్కలో, అంటే లైబ్రరీలో పుస్తకాల్ని సబ్జెక్టుల వారీగా నంబర్లేసి పేర్చే పద్ధతిలో, చేపలవేటకి ఆ నంబరు. గంట తర్వాత మళ్ళీ వచ్చాడు, లేదు సార్ అన్నాడు. 597 చూడు అన్నా, అది చేపల జంతుశాస్త్రం, పొలుసులూ మొప్పలూ. ఇంకో గంటకి మళ్ళీ వచ్చి ఏమీ అనకుండా నిలబడ్డాడు. అప్పుడు అడిగా, అసలు నీకు ఏం కావాల్రా అని. చూడండి, ఉద్యోగంలో చేరిన ఇన్నేళ్ళకి ఒక పిల్లాణ్ణి ఆ ప్రశ్న అడగడం నాకు అదే మొదలేమో. వాడన్నాడు, మా నాన్న హార్బర్‌లో వేలంలో వంజరం అమ్మే రేటుకీ అదే చేప పూర్ణా మార్కెట్‌లో అమ్మే రేటుకీ మధ్యలో ఎవరు తింటన్నారో తెలియాలి సార్ అని.

అది 639 కాదు, 597 కాదు, ఉంటే గింటే ఎకనామిక్స్‌లో 338 దగ్గర ఉండాలి, అక్కడా లేదు. ఇద్దరం కలిసి మత్స్యశాఖ వాళ్ళ లెక్కల పుస్తకాలు కొన్ని తెప్పించాం, వాటిలో టన్నులున్నాయి, రేట్లు సరిగ్గా లేవు. ఆఖరికి వాడే నెల రోజులు తెల్లారకుండానే హార్బర్‌కెళ్ళి వేలంపాటలో రేటు నోటుబుక్కులో రాసుకుని, కాలేజీ అయ్యాక మార్కెట్‌లో రేటు రాసుకుని, రెండు గళ్ళు పక్కపక్కన పెట్టాడు. ఆ నోటుబుక్కు వాసన ఇప్పటికీ గుర్తుంది నాకు, లైబ్రరీ అంతా చేపల కంపు కొట్టింది, అటెండర్ అగరొత్తి వెలిగించాడు. నా టిక్కుల ప్రకారమైతే వాడు ఫెయిల్, క్యాటలాగు వాడటం రాలేదు, పుస్తకం పట్టుకోలేదు. కానీ ఆ ఏడాది మా కాలేజీలో సమాచారంతో నిజంగా ఏదైనా చేసినవాడు వాడొక్కడే అని నా లెక్క.

అప్పుడు మొదలెట్టా నేను చదవడం. ఆస్ట్రేలియాలో క్రిస్టీన్ బ్రూస్ అని ఒకావిడ 1997లో ఈ సమాచార అక్షరాస్యతని తిరగేసి చూసింది. పిల్లలకి ఏం రావాలి అని లిస్టు రాయకుండా, యూనివర్సిటీల్లో పనిచేసేవాళ్ళని మీకు ఇది ఎలా అనుభవంలోకి వస్తుంది అని అడిగింది. ఏడు రకాల జవాబులు తేలాయి. కొందరికి అది కంప్యూటర్ వాడకం, కొందరికి ఏ పుస్తకం ఎక్కడుందో తెలియడం, కొందరికి తమ కాగితాలు తాము పద్ధతిగా దాచుకోవడం, ఇంకొందరికి తమ అవగాహన కట్టుకోవడం, అలా పోయి పోయి చివర్న వివేకం దాకా వెళ్ళింది, అంటే తెలిసినదాన్ని నలుగురి మంచికి వాడటం. ఒకటి ఒప్పు ఇంకోటి తప్పు అనలేదావిడ, అందరి దగ్గరా అన్నీ ఉండవు, పరిస్థితిని బట్టి ఒక్కోటి బయటికొస్తుంది అంది. బాబీకి యూట్యూబ్‌లో కోడింగ్ వీడియో వెతకడం నిమిషంలో పని, అదే బాబీ ఫీజు రీయింబర్స్‌మెంట్ ఫారం ఎక్కడ దొరుకుతుందో తెలియక రెండు వారాలు తిరిగాడు, గుర్తుందా.

ఆ దేశంలోనే అన్నెమారీ లాయిడ్ అని ఇంకొకావిడ ఫైర్ సర్వీసు వాళ్ళ దగ్గరకెళ్ళింది. కొత్తగా చేరినవాళ్ళు ముందు రూల్సు పుస్తకాలు చదువుతారు, పరీక్ష రాస్తారు, పాసవుతారు. కానీ మంట దగ్గర నిలబడి, వేడి ఒంటికి తగిలి, పొగ తీరు చూసి, సీనియర్లు చెప్పే పాత కథలు విన్నాకే వాళ్ళకి అసలు పని పట్టుబడుతుంది. సమాచారం కాగితంలోనే ఉండదు, ఒంట్లో ఉంటుంది, పక్కవాడి నోట్లో ఉంటుంది అని ఆవిడ చెప్పింది. మొదట చదివినప్పుడు ఇదేదో పెద్ద మాటల్లే అనుకున్నా.

2014 అక్టోబర్ 12న ఒప్పుకున్నా. హుద్‌హుద్ తుఫాను రోజు, అప్పటికి బాబీ చాలా చిన్నోడు. పొద్దున్నుంచి గాలి, కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి, కిటికీ అద్దాలు పగిలాయి. మధ్యాహ్నం ఉన్నట్టుండి అంతా ఆగిపోయింది, చినుకు కూడా లేదు. అయిపోయిందనుకుని గేటు బయటికొచ్చి పడిపోయిన వేపచెట్టు చూస్తున్నా. ఎదురు అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, వయసులో ఉన్నప్పుడు వేటకెళ్ళినోడు, మెట్ల మీంచి అరిచాడు, లోపలికెల్లిపోండి బాబూ, ఇప్పుడు గాలి తిరగబడి ఇటుకాసి వస్తాది అని. వచ్చింది. పావుగంటయిందో లేదో, ఈసారి అటువైపు నుంచి. తుఫాను కన్ను మన మీదుగా వెళ్తోందని ఆయనకి తెలుసు. వాతావరణ శాస్త్రం 551.5 అని పుస్తకాల వీపు మీద నంబర్లు అంటించిన నాకు తెలియలేదు, ఆ పుస్తకాల్లో కన్ను గురించి బొమ్మ కూడా ఉంది, నేను చూశా కూడా!

ఇక నంబర్ల సంగతి ఎత్తా గనక ఇంకోటి. డ్యూయీలో ఇంగ్లీషు సాహిత్యానికి 820, మూడంకెలు, చక్కగా. మన తెలుగు సాహిత్యానికి 894.827. మతాల్లో 220 నుంచి 280 దాకా బైబిలూ క్రైస్తవమూ, మిగతా ప్రపంచమంతా 290లో ఒకదాని మీద ఒకటి, హిందూమతం 294.5. పంతొమ్మిదో శతాబ్దపు అమెరికాలో కూర్చుని గీసిన గళ్ళు కాబట్టి అలా వచ్చాయి. నేను వేల పుస్తకాల మీద 894.827 రాశా, ఒక్కసారి కూడా మనకెందుకింత తోక అని అనుకోలేదు. వెతకడం నేర్పిస్తే చాలదు, ఈ బీరువా ఎవరు పేర్చారు అని కూడా అడగాలి అనే గుంపు ఒకటుంది లైబ్రేరియన్లలో. కొంచెం ఎక్కువ ఆవేశపడతారు గానీ మాటలో నిజముంది. బాబీ, నీకు ఇంకో ఉదాహరణ, వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అని కేంద్రం 2025 జనవరి నుంచి దాదాపు 13,000 జర్నల్స్ తెరిచింది, అక్క చదివే యూనివర్సిటీకి వస్తాయి, నీ ప్రైవేటు కాలేజీకి ప్రస్తుతానికి రావు, సర్కారీ సంస్థలకే. ఇద్దరూ ఒకే ఇంట్లో ఒకే వైఫై మీద, ఒకరికి తెరుచుకునే పేపరు ఇంకొకరికి తెరుచుకోదు. నీకు వెతకడం రాదని కాదు కదా.

ఆ అమెరికా కాలేజీ లైబ్రరీల సంఘమే 2016లో తన 5 ప్రమాణాల్ని తనే రద్దు చేసుకుంది. దాని బదులు ఆరు ఆలోచనలు పెట్టింది, అన్నీ చెప్పను, రెండే. ఒకటి, ఎవరి మాటకి విలువ అనేది సందర్భాన్ని బట్టి మారుతుంది. రెండు, పరిశోధన అంటే రచ్చబండ లాంటిది, ముందునుంచీ ఎవరో మాట్లాడుతుంటారు, నువ్వు మధ్యలో వెళ్ళి కూర్చుంటావు, ఎవరేమన్నారో విని నీ మాట కలుపుతావు. రిఫరెన్స్ అంటే అదే అమ్మడూ, ఫలానాయన అలా అన్నాడు, నేను విన్నాను అని చెప్పడం. లేని పేపరు పెడితే రచ్చబండలో లేని మనిషి పేరు చెప్పినట్టు.

నీ ప్రాజెక్టులో నన్ను నిజంగా బాధపెట్టింది ఆ మూడు కూడా కాదు. 31వ పేజీ. జాలారిపేటలో ఒక పెద్దాయనతో మాట్లాడావు, హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ వాళ్ళు శాటిలైట్‌తో నీళ్ళ వేడీ రంగూ చూసి చేపలెక్కడున్నాయో చెప్తారు కదా, ఆ మెసేజ్ వచ్చాక కూడా ఆయన ఒడ్డున నిలబడి పక్షులు ఎక్కడ దిగుతున్నాయో చూస్తాడట, రెండూ కలిస్తేనే బోటు తీస్తాడట, తుఫాను మెసేజ్ అయితే మాత్రం పక్షుల కోసం ఆగడట. ఎంత మంచి మాట పట్టుకున్నావు! దాన్ని తీసుకెళ్ళి అనుబంధంలో, ఫోటోల వెనకాల పడేశావు. లేని మనుషుల్ని ముందు పేజీల్లో కూర్చోబెట్టి ఉన్న మనిషిని గుమ్మం బయట నిలబెట్టావు.

ఇప్పుడు చేయాల్సింది. ఆ మూడూ తీసెయ్. మిగతా పదకొండూ ఒక్కొక్కటి తెరిచి చూడు, టైటిల్ చూసి వదిలెయ్యకు. ఏదైనా వెబ్‌సైట్ మీద అనుమానమొస్తే అందులోనే అబౌట్ పేజీ చదువుతూ కూర్చోకు, ఇంకో ట్యాబ్ తెరిచి వాళ్ళ గురించి వేరేవాళ్ళు ఏమంటున్నారో చూడు. స్టాన్‌ఫర్డ్ వాళ్ళు చరిత్ర ప్రొఫెసర్లనీ స్టూడెంట్లనీ ఫ్యాక్ట్ చెకర్లనీ కూర్చోబెట్టి చూస్తే, ప్రొఫెసర్లు కూడా అందంగా ఉన్న సైట్‌కి పడిపోయారు, ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం నిమిషంలో బయటికొచ్చి పక్క ట్యాబ్‌లో తేల్చేశారు. ఏఐని వాడొద్దనను, నేనూ వాడతా, మొన్న నా బీపీ మాత్రల పేరు అడిగా, డాక్టర్ని మళ్ళీ అడిగా.

పెద్దాయన మాట రెండో చాప్టర్‌లోకి తీసుకురా. ఆయన్ని ఇంకోసారి కలిసి, ఇలా రాస్తున్నాను తాతా, పేరు పెట్టమంటావా వద్దా అని అడుగు. ఆదివారం పొద్దున్నే వెళ్దాం, నేనూ వస్తా, బాబీ బండి తీస్తాడు. అమ్మమ్మ వంజరం తెమ్మంటోంది, రేటు నోటుబుక్కులో రాసుకుందాం.

మీ తాతయ్య
పెదవాల్తేరు